షెడ్డు నుంచి షోరూమ్‌కి

పాతికేళ్ల కిందట మన ఊళ్లలో ఎవరైనా పెద్ద బండి కొంటే చుట్టాలు మొదట అడిగే మాట, "ఎవరి షెడ్డులో చేయిస్తారు?" అని. బండికి పూచీ మెకానిక్‌దే. కంపెనీ ఇచ్చే వారంటీ పుస్తకం ఆర్‌సీ కాగితాలతో పాటు బీరువాలో పడి ఉండేది.

మెకానిక్ మీద ఈ నమ్మకానికి మూలాలు జీపు కాలంలో ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జీపంటే తాసీల్దారుది, పోలీసులది, లేదంటే ఊళ్లో పెద్ద ఆసామిది. అది ఇంటిల్లిపాదీ సుఖంగా ఎక్కే బండి కాదు గానీ, దాన్ని విప్పి బిగించగల పనివాళ్లను మాత్రం ఊరూరా తయారుచేసింది. 1960ల్లో వెలసిన విజయవాడ ఆటోనగర్‌లో, దొరకని పార్టును లేత్ మిషన్ మీద తిప్పి చేతిలో పెట్టేవాళ్లు ఉండేవారు.

1994లో టాటా సుమో వచ్చాక పెద్ద బండి కుటుంబాల దగ్గరికొచ్చింది. కొన్నవాళ్లకంటే కిరాయికి మాట్లాడుకున్నవాళ్లే ఎక్కువ. తిరుపతి మొక్కు, పెళ్లి, ఆస్పత్రి, అన్నిటికీ అదే. వెనక ఎదురెదురు బల్లసీట్లలో నలుగురు కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగిలేవి. ఆ సీట్లు పిల్లలవి. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకడికి వాంతి వస్తే మిగతా ముగ్గురూ కాళ్లు పైకెత్తుకునేవారు. ఆ సీట్లకు బెల్టుల్లేవు, అడగాలన్న ఊహ కూడా ఎవరికీ లేదు. 'సమరసింహా రెడ్డి' (1999) ఊపులో వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు ఆ బండినే బాంబులేసి గాల్లోకి లేపి, రాయలసీమకు గుర్తుగా తగిలించేశాయి. సీమవాళ్లకు ఆ గుర్తు ఎంత చిరాకో వేరే చెప్పాలా!

2000లో క్వాలిస్, 2002లో స్కార్పియో వచ్చాయి. కానీ తర్వాతి బళ్ల రూపం మీద ఇంజినీర్లకంటే గట్టిగా పనిచేసింది ఢిల్లీలో పన్నులేసేవాళ్ల టేపు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజిను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. కంపెనీలు ఎస్‌యూవీలనూ ఆ కొలతకు కుదించాయి. 2013లో వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మిల్లీమీటర్లు, హద్దుకు ఒక్క మిల్లీమీటరు తక్కువ! మూడో వరుసకు చోటు లేకపోవడానికి, డిక్కీలో రెండు సూట్‌కేసులు పెట్టగానే తలుపు మొరాయించడానికి సగం కారణం అక్కడుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18, పెద్ద వాటికి 40 శాతం జీఎస్టీ అయ్యాక కూడా అదే నాలుగు మీటర్ల గీత నిలిచింది.

ఇక వారంటీ కథకు అమెరికా వెళ్లాలి. 1986లో కొరియా కంపెనీ హ్యుందాయ్ ఎక్సెల్ అనే కారును 4,995 డాలర్లకు అక్కడ దించింది. తొలి ఏడాదే 1.68 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. చౌకగా వచ్చినవి చౌకగానే పాడయ్యాయి. టీవీ హాస్యగాళ్లకు ఆ పేరే ఒక జోకు అయిపోయింది. పోయిన పరువు ప్రకటనలతో రాదని కంపెనీకి తెలిసొచ్చి, 1998లో ఇంజినుకు, గేరుబాక్సుకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. అది కూడా మొదటి యజమానికే. బండి పాడైతే బాగుచేయాల్సింది తనే కాబట్టి, పాడవకుండా తయారుచేయక తప్పలేదు. దివాలా తీసిన మరో కొరియా కంపెనీ కియాను హ్యుందాయ్ అదే ఏడాది చేతిలోకి తీసుకుంది.

ఆ కియాయే 2019లో అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర సెల్టోస్ తయారీ మొదలుపెట్టింది. 1565లో యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు తలదాచుకున్న కోట ఊరది. సుమోలు పేలిన సీమ నుంచే ఎస్‌యూవీలు లారీలెక్కి దేశమంతా వెళ్లడం మొదలైంది. సెల్టోస్‌కు ఇచ్చింది మూడేళ్ల వారంటీ. పదేళ్ల ముచ్చట అప్పుడు మనదాకా రాలేదు.

2022లో అక్కడే తయారైన కారెన్స్‌లో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. ఖరీదైన రకాల్లో బటన్ నొక్కితే మధ్య వరుస సీటు మడుచుకుని, మూడో వరుసకు దారి ఇస్తుంది. ఇంట్లో నలుగురి మీద ఇద్దరు పెద్దవాళ్లుంటే సన్‌రూఫ్ కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. మే నెల ఎండలో సన్‌రూఫ్ తెరిచేవాళ్లను నేనింకా చూడలేదు. మూడో వరుసదాకా ఏసీ గాలి తగులుతుందో లేదో, అమ్మమ్మను అందులో కూర్చోబెట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

అలాగే వారంటీ కాగితంలో కలిపినవాటికంటే మినహాయించినవే ముందు చదవాలి. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు అరిగే సరుకు కింద లెక్క. టైర్లకూ బ్యాటరీకీ వాటిని చేసిన కంపెనీల పూచీ వేరు. బయట షాపులో వైరు కత్తిరించి ఫాగ్ లైట్లు బిగిస్తే, రేపు కరెంటు పని చెడినప్పుడు తప్పు మనమీదికే వస్తుంది.

ఫిర్యాదు చేయడంలోనూ ఒక పద్ధతి ఉంది. "ముందు ఏదో సౌండ్ వస్తోంది" అంటే జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని పడుతుంది. సర్వీసు సెంటర్ ఆవరణలో ఆ సౌండ్ చచ్చినా రాదు. "పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, ముందు ఎడమ చక్రం దగ్గర టక్‌మంటోంది" అని రాయించి, కిలోమీటర్ల రీడింగు వేయించి, కాపీ తీసుకోవాలి. వారంటీ తీరాక అదే సౌండ్ మళ్లీ వస్తే, అది గడువులోనే మొదలైందని చూపడానికి మన దగ్గర ఉండేది ఆ కాపీయే.