కంచు గుర్రం మీద సుల్తాన్

గుర్రపు రౌతు విగ్రహం కనబడితే చాలామంది ఒక మాట అంటుంటారు. గుర్రం ముందుకాళ్లు రెండూ లేస్తే ఆ వీరుడు యుద్ధంలో చనిపోయినట్టు, ఒకటే లేస్తే గాయాలతో పోయినట్టు, నాలుగూ నేల మీద ఉంటే మంచం మీద పోయినట్టు అని. శిల్పులు అలాంటి నియమమేదీ కట్టుబడి పాటించలేదు. రౌతు ఎలాంటివాడని చూపించారో తెలియాలంటే గుర్రం కాళ్లు కాదు, గుర్రం చుట్టూ ఎవరున్నారో చూడాలి.

విగ్రహాల విషయంలో మన ఉలమాల అభిప్రాయం అందరికీ తెలిసిందే. ఇక్కడ మనకు కావలసింది అందులోని చరిత్ర మాత్రమే.

సిరియా రాజధాని డమాస్కస్‌లో పాతకోట ముందు 1993లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ కంచు విగ్రహం నిలబెట్టారు. ఆయన కాలం చేసి అప్పటికి 800 ఏళ్లు. శిల్పి అబ్దుల్లా అల్ సయ్యద్. ఇందులో సుల్తాన్ ఒంటరిగా లేరు. గుర్రం పక్కన ఒక వైపు కాలిబంటు, మరో వైపు సూఫీ ఉన్నారు. గెలుపు ఒక్క రాజుది కాదు, సామాన్యుడిది, దువా చేసినవాడిది కూడా అని దీని భావం. గుర్రం వెనుక ఓడిపోయిన ఇద్దరు క్రూసేడర్లు ఉన్నారు. ఒకరు జెరూసలేం రాజు గై, రెండోవాడు రేనాల్డ్.

1187 జూలై 4న హత్తీన్ యుద్ధంలో ఆ ఇద్దరూ పట్టుబడ్డారు. దాహంతో ఉన్న గైకి సుల్తాన్ చల్లటి పానీయం ఇప్పించారు, ప్రాణం కాపాడారు, మరుసటి ఏడు విడిచిపెట్టారు. సంధి కాలంలో బాటసారుల బిడారును దోచిన రేనాల్డ్‌కు మాత్రం మరణశిక్ష పడింది. అంటే కోపం మాట తప్పిన వాడి మీదే గాని, ఓడినవాళ్లందరి మీదా కాదు.

అదే ఏడు అక్టోబర్ 2న బైతుల్ మఖ్దిస్ ఆయన వశమైంది. 1099లో క్రూసేడర్లు అక్కడ నెత్తురు పారించారు. సుల్తాన్ ఊచకోత జరగనివ్వలేదు. మగవారికి 10, ఆడవారికి 5 దీనార్ల చొప్పున పరిహారం తీసుకుని వదిలారు. కట్టలేని బీదల్లో 1,000 మందిని తమ్ముడు అల్ ఆదిల్ అడిగి తీసుకుని విడిపించాడు. సుల్తాన్ కూడా ఎందరినో వదిలేశారు. అయినా వేలమంది బానిసలయ్యారు. ఆ సంగతి కూడా దాచకూడదు.

1193 మార్చి 4న ఆయన జ్వరంతో డమాస్కస్‌లోనే కన్నుమూశారు. ఖజానాలో మిగిలింది ఒక దీనారు, 47 దిర్హములు.

బందీలు కంచులో కనిపిస్తారు. ఇచ్చిన నీళ్లు కనిపించవు. పిల్లలకు ఈ బొమ్మ చూపించేటప్పుడు కత్తి సంగతితో పాటు ఆ నీళ్ల సంగతీ మనమే చెప్పాలి.