లేత నారు చెప్పిన పాఠం

మన తుమ్మలపల్లె వంటి మెట్ట ఊళ్లలో వరి వేయాలంటే ముందు బోరులో నీళ్లు చూసుకోవాలి. అందుకే శ్రీ వరి సాగు చరిత్ర మనం తెలుసుకోదగినది.

మడగాస్కర్ దీవిలో హెన్రీ ది లొలానీ అనే ఫ్రెంచి మతగురువు 1981లో రైతుబిడ్డలకు వ్యవసాయ పాఠశాల పెట్టారు. 1983లో వానలు సకాలంలో లేక, పిల్లలు 15 రోజుల లేత నారే నాటవలసి వచ్చింది. అందరూ ఆశ వదులుకున్న ఆ పైరు విరివిగా పిలకలు వేసింది.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకులు డాక్టర్ అలపాటి సత్యనారాయణ ఈ సాగును శ్రీలంకలో చూసి వచ్చి, 2003 ఖరీఫ్‌లో మన రాష్ట్రంలో రైతుల పొలాల్లోనే పరీక్షలు పెట్టించారు. 8 నుంచి 12 రోజుల నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, నీళ్లు నిలగట్టకుండా ఆరుతడులు, సాళ్ల మధ్య వీడర్. ఎకరాకు 20 కిలోలకు పైగా పట్టే విత్తనం 2 కిలోలకు దిగింది.

పక్క మడిలో దుబ్బు చూసి, పిలకలు లెక్కపెట్టిన రైతే మరో రైతుకు గురువయ్యాడు. ఇండోనేషియాలో 1989లో మొదలైన పొలంబడి పద్ధతి కూడా ఇదే: గట్టు మీద చేరి, చూసి, చర్చించి, తామే తేల్చుకోవడం.

అయితే మడి చదును కుదరక, లేత నారు నాటే కూలీలు దొరక్క మానుకున్న రైతులూ ఉన్నారు. నాటే చేతులు నేర్చుకుంటేనే పద్ధతి నిలుస్తుంది. ఆ చేతులు చాలావరకు మన అమ్మలవి, అక్కలవి. మీరు చదివిన లెక్కను వాళ్ల అనుభవం పక్కన పెట్టి చూడండి. అడగండి, చెప్పండి, కలిసి ఒక చిన్న మడిలో చేసి చూడండి.