ఇంగ్లీషు తప్పులు - ఎవరి లెక్క?

ఇంగ్లీషు బాగా చదువుకున్నవారిలో చాలామందికి ఒక జాడ్యం ఉన్నది. ఎదుటివాడు చెప్పే సంగతి తలకెక్కకముందే అతని మాటలోని దోషం చెవిలో గుచ్చుకుంటుంది. ఈ చిరాకు భాషాభిమానం నుంచి సహజంగా పుట్టినదని వారి నమ్మకం. చరిత్ర చూస్తే అలా కనిపించదు.

'నాకేమీ తెలియదు' అనడానికి ఒకే వాక్యంలో రెండు వ్యతిరేక పదాలు వాడటం చాసర్‌కు గాని షేక్స్‌పియర్‌కు గాని తప్పనిపించలేదు. 'ఆస్క్' అనే క్రియను 'ఆక్స్' అని పలికే అమెరికా నల్లజాతివారిని ఈనాటికీ వెక్కిరించేవారున్నారు. చాసర్ రాతలో ఉన్నది ఆ రూపమే.

దోషాల వేట ముమ్మరమైనది 18వ శతాబ్దంలో. 'మాబ్' అన్న మాటపై స్విఫ్ట్ 1710లోనే కత్తికట్టాడు. చంచలమైన గుంపు అని జనాన్ని ఈసడించే లాటిన్ పదబంధాన్ని కుదించగా వచ్చిన మాట అది. ఆయన ఆక్షేపణ తెగిన తోకమీదనే గాని, అందులోని ఈసడింపుమీద కాదు! 1755లో నిఘంటువు వెలువరించిన జాన్సన్, శ్రామికుల, వర్తకుల మాటలు నిలకడలేనివనీ, భద్రపరచదగినవి కావనీ పీఠికలోనే చెప్పాడు. 1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం వచ్చింది. ఆయన మతాచార్యుడు, తరువాత లండన్‌కు బిషప్ అయ్యాడు. షేక్స్‌పియర్, మిల్టన్‌లలో సైతం తప్పులు పట్టి చూపాడు. మహాకవులకు తప్పులంటగట్టినా నష్టంలేదు, వారి గౌరవం చెక్కుచెదరదు. నష్టం వేరేవారికి వచ్చింది.

1793లో షెఫీల్డు పట్టణంలోని చేతిపనివారు పార్లమెంటు సంస్కరణ కోరుతూ మహజరు పంపుకున్నారు. వేలమంది సంతకాలు చేశారు. కామన్స్ సభ దానిని స్వీకరించనే లేదు. భాష మర్యాదగా లేదన్నది కారణం! ఓటు అడిగినవాడికి ఓటెందుకు ఇవ్వకూడదో చెప్పనక్కరలేకుండా, అడిగిన తీరు బాగాలేదని తిప్పిపంపవచ్చునన్నమాట. లౌత్ దీనిని ఊహించి వ్యాకరణం రాశాడని నేననను. కాని మర్యాదస్తుల భాష ఒకటని తేల్చిన తరువాత, అది రానివాడి నోరు మూయడం తేలికే అయింది.

ఈ కిటుకును కనిపెట్టినవాడు విలియం కాబెట్. రైతుబిడ్డ. సైన్యంలో దినానికి ఆరు పెన్నీల జీతంమీద ఉన్న రోజుల్లో లౌత్ వ్యాకరణాన్నే రెండుమూడు సార్లు ఎత్తిరాసుకుని, కంఠస్థం చేసి, కాపలా కాసినప్పుడల్లా ఆసాంతం వల్లించుకున్నాడు. 1817లో నిర్బంధానికి వెరచి అమెరికా చేరి, అక్కడ తానే ఒక వ్యాకరణం రాసి 1818లో అచ్చువేశాడు. సైనికులు, నావికులు, పనినేర్చుకునే కుర్రవాళ్లు, నాగలిపట్టే పిల్లలు - వీరికోసమని పుస్తకం మీదనే ప్రకటించాడు. ఇక 1823 ముద్రణలో రాజనీతిజ్ఞులు తప్పు వ్యాకరణం రాయకుండా ఉండేందుకని ఆరు పాఠాలు చేర్చాడు. రాజుగారి ఉపన్యాసం, కాసిల్‌రీ లేఖ, వెల్లింగ్టన్ రాత - వీటినే విడగొట్టి ఆ దోషాలను పంక్తి పంక్తికీ ఎత్తిచూపాడు. దొరలు కట్టిన బడితెతో దొరలనే బాదడమంటే ఇది. అయితే బడితె బడితెగానే మిగిలింది. నియమాలనే ప్రశ్నించే పని కాబెట్ చేయలేదు.

ప్రాంతీయ పదాలదీ ఇదే కథ. ఆకురాలు కాలాన్ని అమెరికావారు 'ఫాల్' అంటే ఇంగ్లండులో కొందరికి మంట. ఆ మాట అక్కడికి ఇంగ్లండు నుంచి వలస వెళ్లినదే. ఇంట్లోవాళ్లు మరచిపోయి, దాచుకున్నవాడిని అనాగరికుడన్నారు. 1961లో వెబ్‌స్టర్ మూడవ నిఘంటువు, జనం అనే 'ఎయింట్' వంటి మాటలను చీవాట్లు పెట్టకుండా నమోదు చేసినందుకు అమెరికా పత్రికలు గగ్గోలెత్తినవి. మన దేశపు పత్రికల ఇంగ్లీషును ఏరికూర్చి, 1891లో ఆర్నాల్డ్ రైట్ లండనులో 'బాబూ ఇంగ్లీషు' పేర నవ్వుల పుస్తకం వేశాడు. పరాయిభాషలో ఫిర్యాదు రాయవలసిన గతి ఎవరు పట్టించారన్నది అతని విచారణలో లేదు.

మన ఇంట్లో గ్రామ్యమనే మాటకు గురజాడ 1914 అసమ్మతి పత్రంలోనే సమాధానమిచ్చాడు. అయినా తెలంగాణ రైతు 'మక్కజొన్న' అంటే 'మొక్కజొన్న' అని దిద్దేవారు ఇంకా ఉన్నారు. హిందీవారి మక్కా, మరాఠీవారి మకా ఎవరి మాటకు దగ్గరో దిద్దేముందు వినవచ్చును.