కుర్చీ లేని చోటికి కాలేజీ రాదు
విశ్వవిద్యాలయ సభలో చోటు కోసం సీమ పడిన తపన: నంద్యాల నుంచి శ్రీబాగ్ దాకా ఒక యథార్థ గాథ

1928 నవంబరు 17. గుంతకల్లు నుంచి బెజవాడ వైపు పోయే మీటర్ గేజ్ రైలు ద్రోణాచలం, బేతంచెర్ల, పాణ్యం దాటి నంద్యాలలో ఆగింది. అనంతపురం, బళ్లారి నుంచి రైలెక్కినవాళ్లకు నంద్యాల చేరే దారి అదే. ఖద్దరు పంచెలు, భుజాన కండువాలు, చేతిలో ట్రంకుపెట్టెలతో జనం దిగారు. ఆళ్లగడ్డ వాళ్లకు రైలు లేదు. సిరివెళ్ల మీదుగా నల్లరేగడి దారిలో ఎద్దులబండి కట్టుకుని రావాల్సిందే. ఆ రోజూ, మర్నాడూ నంద్యాలలో ఆంధ్ర రాష్ట్రం కోరే ఆంధ్ర మహాసభ. అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. అప్పటికాయన కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యుడు.

సభకు బయల్దేరిన ఆళ్లగడ్డ బండ్లలో ఒకదాన్ని ఊహించుకుందాం. బండి తోలేది వ్యవసాయదారు. పక్కన మద్రాసులో బి.ఎ. చదివొచ్చిన మేనల్లుడు. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు, ఈ మాటలూ ఊహించినవే. అయితే ఇలాంటి ప్రశ్న ఆ కాలంలో సీమలో ఎందరి నోటనో నలిగే ఉంటుంది.

"ఏం అల్లుడూ, యూనివర్సిటీ యాడ పెట్టాల అని ఇంత రచ్చ ఎందుకు? మన పిల్లోళ్లు అనంతపురం పోయి చదువుకుంటానే ఉండారు కదా?"

"కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు మామా. ఏ ఊరికి కాలేజీ ఇయ్యాల, ఏం చదువు చెప్పాల, పరీక్షలు ఎట్ల పెట్టాల, దుడ్లు యాడ ఖర్చు పెట్టాల, ఇవన్నీ తేల్చేది యూనివర్సిటీ. అందులోనూ తేల్చేది సెనేటు, సిండికేటు."

"ఆ సెనేట్లో మనోళ్లు లేరా?"

"ఉండారు. చేతులెత్తే కాడికి వస్తే లెక్క చాలదు."

"ఎందుకు చాలదు?"

"సెనేటుకు మనుషుల్ని పంపే వాళ్లల్లో డిగ్రీ ఉండేటోళ్లు, కాలేజీల్లో చదువు చెప్పేటోళ్లు ముఖ్యం మామా. ఆళ్లగడ్డ తాలూకాలో డిగ్రీ ఉండేటోళ్లు ఎందరో నువ్వే లెక్కపెట్టు."

మామ లెక్కపెట్టబోయి ఆగిపోయి ఉంటాడు. ఈ కథకు కీలకం ఆ లెక్కలోనే ఉంది.

పుట్టుకతోనే పేచీ

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రి అన్నెపు పరశురామదాసు పాత్రో పూనికతో చట్టం వచ్చింది. తెలుగువాళ్ల చదువు మద్రాసు పెత్తనం నుంచి బయటపడాలన్న ఏళ్లనాటి కోరిక తీరింది. తొలి కేంద్రం బెజవాడ. తొలి ఉపాధ్యక్షుడు, అంటే వైస్ ఛాన్సలర్, కట్టమంచి రామలింగారెడ్డి.

సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. శాశ్వత కేంద్రం ఎక్కడ అన్న ప్రశ్న లేవగానే జిల్లాకో మాట వినిపించింది. బెజవాడ అన్నవారున్నారు, రాజమండ్రి అన్నవారున్నారు, విశాఖ అన్నవారున్నారు. దత్తమండలం (నేటి రాయలసీమ) వాళ్లు అనంతపురం అన్నారు. సెనేట్ ఒక దశలో అనంతపురం వైపే మొగ్గిందని, తీరా అది చేజారిపోయిందని సీమ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూనే వచ్చారు. చివరికి 1930లో విశ్వవిద్యాలయం విశాఖలోని వాల్తేరుకు తరలింది. దత్తమండలం కాలేజీలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం పంచకే చేరాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వైస్ ఛాన్సలర్ కుర్చీలో ఉన్న కట్టమంచి మన చిత్తూరు జిల్లా మనిషే. అయినా కేంద్రం సీమకు రాలేదు. పైన కూర్చున్న ఒక్కరు మనవాళ్లయినంత మాత్రాన సరిపోదు. చుట్టూ ఉన్న కుర్చీల్లో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

ఆ కుర్చీలు ఎవరికి దక్కుతాయి? ఆనాటి సెనేట్ పెద్ద సభ. డిగ్రీలున్నవారు, అధ్యాపకులు, ప్రజాసంస్థలు ఎన్నుకున్న ప్రతినిధులతో పాటు ప్రభుత్వం నియమించినవారూ అందులో ఉండేవారు. రోజువారీ పాలన చూసే చిన్న సభ సిండికేట్. కోస్తాలో బందరు నోబుల్ కాలేజీ, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, విజయనగరం మహారాజా కాలేజీ, కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 19వ శతాబ్దం నుంచే చదువు చెబుతున్నాయి. సీమ వైపు చూస్తే మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల 1915లో, అనంతపురం దత్తమండల కళాశాల 1916లో వచ్చాయి. అవి పుట్టి పట్టుమని పదేళ్లకే సెనేట్ కూర్చుంది.

కాలేజీలు తక్కువ కాబట్టి పట్టభద్రులు తక్కువ. పట్టభద్రులు తక్కువ కాబట్టి సెనేట్‌లో ఓట్లు తక్కువ. ఓట్లు తక్కువ కాబట్టి కాలేజీలు రావడం కష్టం. ఎవరూ కక్షగట్టి అన్యాయం చేయక్కర్లేదు. సభ్యత్వపు నిబంధన చాలు, వెనకబడిన సీమను ఎప్పటికీ వెనకే ఉంచడానికి. మామ లెక్కపెట్టలేక ఆగిపోయింది ఇక్కడే.

నంద్యాలలో రెండో రోజు

నవంబరు 18. మహాసభ జరుగుతున్న ఊళ్లోనే దత్తమండలం ప్రతినిధులు విడిగా సమావేశమయ్యారు. అధ్యక్షత వహించినవారు కడప కోటిరెడ్డి. ఆంధ్ర రాష్ట్రం కావాలి, సరే. కానీ రాష్ట్రం వస్తే విశ్వవిద్యాలయం విషయంలో జరిగిందే మళ్లీ జరగదని హామీ ఏమిటి? నీళ్లు, కొలువులు, కోర్టు, రాజధాని అన్నీ ఎక్కువ ఓట్లున్న వైపే పోతే ఎలా? ఆనాటి సీమ నాయకుల్ని పీడించిన అనుమానం ఇదే.

ఆ సభలోనే అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పే చిలుకూరి నారాయణరావు ఒక ప్రతిపాదన చేశారు. 1800లో నిజాం కుంపిణీ వారికి ధారపోసిన జిల్లాలు కాబట్టి దత్తమండలం అనే పేరు వచ్చింది. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అనిపించుకోవడం ఇక చాలు, విజయనగర రాయలు ఏలిన సీమ కాబట్టి రాయలసీమ అందాం అన్నది ఆయన ప్రతిపాదన. సభ ఒప్పుకుంది. ఈ పేరు విషయంలో కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావును తలుచుకునేవారూ ఉన్నారు. చిలుకూరి పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలో. ఉత్తరాంధ్ర మనిషి, బతుకుదెరువుకు వచ్చిన అనంతపురాన్ని సొంతూరు చేసుకుని సీమకు పేరు పెట్టాడు. ప్రాంతాల మధ్య అపనమ్మకం ముదిరిన రోజుల్లో జరిగిన ఈ ముచ్చట నంద్యాల గర్వంగా చెప్పుకోదగ్గది.

ఆ మహాసభకు అధ్యక్షత వహించిన రాధాకృష్ణన్ మూడేళ్లు తిరక్కుండానే, 1931లో, ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ అయ్యారు. వాల్తేరు కొండమీద విశ్వవిద్యాలయాన్ని దేశం గుర్తించే స్థాయికి పెంచారు. ఆ ఘనత తెలుగువాళ్లందరిదీ. కానీ ఆ మెట్లెక్కే దారిలో ఆళ్లగడ్డ పిల్లవాడు లేడు. వాడి పరీక్ష మద్రాసుది, వాడి డిగ్రీ మద్రాసుది.

శ్రీబాగ్ గదిలో

1937 నవంబరు 16. మద్రాసులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు, శ్రీబాగ్. కోస్తా, సీమ నాయకులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇటు కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు. అటు కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య. సీమ వాళ్లు రాష్ట్రోద్యమంలో కలిసి నడవాలంటే కోస్తా వాళ్లు ఏం హామీ ఇస్తారన్నదే మాట.

ఆ రోజు కుదిరిన ఒడంబడికలో నీళ్లున్నాయి, శాసనసభలో సీట్లున్నాయి, రాజధాని, హైకోర్టు ఉన్నాయి. వాటితో సమానంగా విశ్వవిద్యాలయం ఉంది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రాన్ని పెంపొందించాలని రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ నీళ్ల సరసన ఒక విద్యాసంస్థను నిలబెట్టారంటే వాల్తేరు గాయం ఎంత లోతైనదో అర్థమవుతుంది.

అమలు మాత్రం నిదానంగా నడిచింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి ముందు పీజీ కేంద్రం దక్కింది. అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది 1981లో. శ్రీబాగ్ మాటకు, ఆ మాట పూర్తిగా నెరవేరడానికి నడుమ 44 ఏళ్లు. కర్నూలు పీజీ కేంద్రం 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. దాని పేరు రాయలసీమ విశ్వవిద్యాలయం. నంద్యాల సభలో పుట్టిన పేరు ఒక విశ్వవిద్యాలయానికి దక్కడానికి 80 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ కుర్చీల్లో ఎవరు?

1991లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టంతో పాలన తీరు మారింది. ఎన్నికైనవారూ ఉండే పాత సెనేట్, సిండికేట్ స్థానంలో పాలకమండలి వచ్చింది. పాఠ్యాంశాల సంగతి చూడడానికి అకడమిక్ సెనేట్ ఉంది. పాలకమండలికి వైస్ ఛాన్సలర్ అధ్యక్షుడు. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల ఉన్నతాధికారులు హోదా రీత్యా సభ్యులు. మిగతావారిని, అంటే అధ్యాపకులను, అనుబంధ కాలేజీల వారిని, వివిధ రంగాల ప్రముఖులను, ప్రభుత్వమే నియమిస్తుంది.

మండలి చేతిలో ఉన్నది చిన్న అధికారం కాదు. బడ్జెట్‌కు ఆమోదం దాని పని. భూములు, భవనాలు దాని బాధ్యత. అధ్యాపక నియామకాలు దాని ముందుకు రావాలి. కొత్త వైస్ ఛాన్సలర్‌ను వెతికే త్రిసభ్య కమిటీలో ప్రభుత్వ ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి కాక మూడో మనిషిని పంపేది పాలకమండలే. మండలి నిద్రపోతే ఆ మూడో గొంతు కూడా ప్రభుత్వానిదే అవుతుంది.

ఎన్నికల సెనేట్‌లో ముఠాలుండేవి, కులాల లెక్కలుండేవి, కాలయాపన ఉండేది. దాన్ని తీసేయడానికి కారణాలు లేకపోలేదు. అయితే దానితో పాటు ఇంకొకటి కూడా పోయింది. ఒక ప్రాంతం తన మనిషిని తానే ఎన్నుకుని పంపి, తిరిగొచ్చాక "ఏం మాట్లాడినావప్పా?" అని నిలదీసే హక్కు పోయింది. ఇప్పుడు సభ్యుడు జవాబు చెప్పాల్సింది తనను నియమించిన వారికే. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నేటికీ పెద్ద నిర్ణయాల్లో తుదిమాట కాంగ్రిగేషన్ అనే సభది. అందులో ఓటు వేసేది అక్కడ చదువు చెప్పే వాళ్లు, పరిశోధన చేసే వాళ్లు, విశ్వవిద్యాలయాన్ని నడిపే సిబ్బంది. శతాబ్దాల వయసున్న సంస్థ తన వాళ్లను నమ్మి ఓటు వారి చేతిలోనే ఉంచింది. ఆ నమ్మకం మనకూ అక్కర ఉంది.

మన ముంగిట్లోనే మరో నమూనా ఉంది. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది. పత్తి, జొన్న, వరి వంగడాలతో ఈ నేలను ఎరిగిన కేంద్రం అది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. ఆ విశ్వవిద్యాలయ పాలకమండలిలో రైతు ప్రతినిధికి చోటివ్వాలని చట్టమే చెబుతోంది. పంట పండించేవాడికి వ్యవసాయ విశ్వవిద్యాలయ సభలో కుర్చీ ఉన్నప్పుడు, ఆళ్లగడ్డ డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్‌కు, నంద్యాలలో చదువుకుని బయటికొచ్చిన పూర్వ విద్యార్థికి తమ విశ్వవిద్యాలయ సభలో ఖాయమైన చోటు ఎందుకుండకూడదు?

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కలెక్టరేట్ వచ్చింది, పోలీసు కార్యాలయం వచ్చింది. జిల్లా వచ్చినంత మాత్రాన విశ్వవిద్యాలయంలో మాట రాదు. దాన్ని అడిగి తెచ్చుకోవాలి. పాలకమండలి సభ్యులు ఎవరెవరో, వారు ఏ కాలేజీ, ఏ ప్రాంతం వారో ప్రతి అనుబంధ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి. సమావేశం ముగిసిన వెంటనే తీర్మానాలు జనానికి తెలియాలి. అనుబంధ కాలేజీల నియామకాల్లో ఒక్క కర్నూలు పట్టణమే కాక నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, డోన్ వంటి ఊళ్లకు వంతు రావాలి. పట్టభద్రులకు కనీసం కొన్ని స్థానాలు మళ్లీ ఎన్నికతో దక్కేలా చట్టాన్ని సవరించమని శాసనసభ్యులను అడగాలి.

శ్రీబాగ్‌లో కూర్చున్న పెద్దలు సీమకు విశ్వవిద్యాలయం కావాలన్నారు. అది వచ్చింది. ఇప్పుడు మన తరం అడగాల్సింది ఆ విశ్వవిద్యాలయంలో మాట. భవనం ఇచ్చి మాట ఇవ్వకపోతే అది సగం హక్కే. మిగతా సగం కోసం నంద్యాల మళ్లీ ఒక సభ పెట్టినా తప్పు లేదు.