ఆదోని యెండలో చోకు మీట

ఆదోని నుండి యెమ్మిగనూరునకు పోవు దారికి నిరుప్రక్కల, చేలగట్లమీదను, వంకల యొడ్డులందును, బీడు పడిన నేలలయందును, ఎవ్వరు నాటకయే దట్టముగ నల్లుకొనియున్న సర్కారు తుమ్మ కంపను నిత్యము చూచువారికి సైతము, అది యీ మన్నున పుట్టినది కాదనియు, మద్రాసు రాజధాని యటవీశాఖలో నుండిన బెడ్డోమ్ దొర కట్టెల కరవు తీర్చు నుద్దేశముతో జమైకా ద్వీపమునుండి విత్తనములు కోరి తెప్పింపగా, 1878 ప్రాంతమున కడప మండలమందలి కమలాపురమున మొలకెత్తిన పరదేశి యనియు తట్టుట యరుదు. ఒక కరవు తీర్చుటకు వచ్చిన యా చెట్టు, పిదప తానే యొక బెడదయై, ఇప్పుడు మరల బొగ్గుబట్టీలకు కట్టెయై కొందఱకు కూలి పెట్టుచున్నది.

ఈ కంపను గొడ్డలితో కొట్టుట యెంతటి శిక్షయో, ముల్లు చెప్పును దూసి పాదమున దిగినవారికే తెలియును. కావుననే కట్టె కోయువారి చేతులలోనికి పెట్రోలు రంపము, వారి మాటలో ‘కోత మిషను’, వచ్చి చేరినది. ఆ పనివారి నడుమ నొక గడియ కూర్చుండినచో, వారి మెప్పును, అంతకంటె మిక్కిలిగ వారి తిట్టును, పొందునది గొలుసు కాదు, పదును కాదు, యంత్రమును స్టార్టు చేయు త్రాడును, దాని ప్రక్కనుండు చిన్న మీటయునని బోధపడును.

యంత్రమును మేలుకొలుపుట యీ సీమకు క్రొత్త విద్య యేమియు కాదు. ‘వెస్టర్న్స్’ అను వ్యాపారనామముతో దూరదేశములకు పోయిన ప్రత్తికి ఆదోని పేరుపడిన సంత. జిన్నింగు మిల్లులు వెలసిన యూరు. ఆయిల్ ఇంజను వచ్చిన పిదప, దాని హ్యాండిల్ తిప్పుట యొక మర్యాదగల నేర్పుగ నెంచబడుచుండెను. ఇంగ్లండునందలి డర్స్‌లీ పట్టణమున లిస్టరు కంపెనీ చేసినట్టి, నిమిషమునకు 650 చుట్లు మాత్రమే తిరుగు మందగమనపు టింజనును తలచుకొనుడు: పైనున్న డీకంప్రెషన్ మీట నెత్తిపెట్టి, లోపలి గాలి యడ్డు తగులకుండ చేసికొని, హ్యాండిలును మెల్లగ మొదలిడి వడిగ తిప్పి, బరువైన చక్రము తన వేగము తాను నిలుపుకొనునంత కాగానే మీట దింపవలెను. దింపు క్షణము తప్పినచో చక్రము వెనుకకు తన్నును. బొటనవ్రేలిని హ్యాండిలు చుట్టు బిగించి పట్టినవాని మణికట్టు విఱుగును. అందుచేత బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచుమని పెద్దవారు పిన్నవారికి మొదటి దినముననే చెప్పుచుండిరి. ప్రమాదము లేని యంత్రమని కాదు నా మాట. మీట యెత్తియున్నదో దిగియున్నదో కంటికి కనబడుచుండెను. దాని ఫలము చెవికి వినబడుచుండెను. తప్పు జరిగినచో నెచ్చట జరిగెనో తిప్పినవానికే తెలియుచుండెను.

కోత మిషను పుట్టుక వేఱు. 1927లో ఎమిల్ లెర్ప్ అను జర్మనుడు తన పెట్రోలు రంపమును థురింజియా యందలి డోల్మార్ కొండమీద పరీక్షించి, ఆ కొండ పేరే దానికి పెట్టెను. 1929లో ఆండ్రియాస్ స్టీల్ చేసిన పెట్రోలు రంపము 46 కిలోల బరువు. ఇరువురు మోయనిదే కదలదు. 1950లో అతని కంపెనీనుండి ఒక్కడే పట్టదగినది వచ్చినది. 1959లో వచ్చిన ‘కాంట్రా’ పండ్రెండు కిలోలకు దిగెను. చుట్టి లాగి మరల చుట్టవలసిన విడి త్రాటికి బదులు, స్ప్రింగు బలమున తానే లోనికి చుట్టుకొను త్రాడు వాడుకకు వచ్చినది. ఇదంతయు శీతలదేశపు దేవదారు వనములలో జరిగిన చరిత్ర. అచ్చట తెల్లవాఱి చల్లబడిన ఇంజనును వెలిగించుటయే కష్టము. గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచు చోకు దానికి మందు.

ఆ మందే ఆదోనిలో రోగమగుచున్నది. నలువది డిగ్రీలు దాటు వేసవిలో, పెట్రోలు పోయుటకై కొంతసేపు ఆపిన ఇంజను చల్లబడుటకు మాఱు మఱింత కాఁగును. అట్టిదానికి చోకు వేసి లాగినచో పెట్రోలు మితిమీఱి ప్లగ్గు తడిసిపోవును. ‘ఓవర్‌ఫ్లో అయింది’ అని పనివాఁడు నిట్టూర్చి, ప్లగ్గు విప్పి, తుడిచి, విప్పిన రంధ్రముతోనే నాలుగుమార్లు త్రాడు లాగి, మరల బిగించును. చల్లని ఇంజనుకు సైతము మొదటి ‘టప్పు’ శబ్దము వినగానే చోకు తీయవలెను. చుట్టు నాలుగు మిషనులు మ్రోగుచున్న చోట నా చిఱుచప్పుడు వినుట యెట్లు?

నేటి పేరుపడిన యంత్రములలో ఆపుట, నడచుట, సగము చోకు, నిండు చోకు అను నాలుగును ఒకే మీటలో నిమిడ్చిరి. చూచుటకిది మితవ్యయము, మీటను చోకునకు దింపుటకు వెనుకపిడిలోని వేగపు మీటను గూడ నొక్కి పట్టవలెనన్న నియమము తెలిసినవానికి సుఖమే. తెలియనివాడు బలము చేయును, మీట విఱుగును. ఒకదాని కొకటి యంటియుండు గుర్తులు చెమటపట్టి దుమ్ము గ్రమ్మిన వేళ కనబడవు. అందుచేతనే, స్విచ్చు వేఱుగను చోకు వేఱుగను గల చవుక మిషనును గూర్చి, ‘ఇదే మేలు’ అనువారి తీర్పును నేను మొఱకుతన మనజాలను. లిస్టరు మీటవలె, అది తన స్థితిని తానే చెప్పుచున్నది.

తయారీదారులు వినలేదనుట యన్యాయము. త్రాటి బరువు తగ్గించు డీకంప్రెషన్ బొత్తాము పెట్టిరి. వ్రేలు తీయగానే తానే నడక స్థానమునకు మరలు స్విచ్చు నమర్చిరి. ఈ రెండవది సామాన్యమైన మేలు కాదు: ఆపిన సంగతి మఱచి వృథాగ లాగి లాగి పెట్రోలు నింపుకొను దురవస్థ దానితో తొలగినది. ఎలక్ట్రానిక్ కార్బురేటరు చోకు లెక్కను తానే చూచుకొనును. వెల మాత్రము కట్టెకూలివానికి అందదు.

యెమ్మిగనూరున వేఱొక త్రాడు కలదు. 1938లో మాచాని సోమప్ప గారి పూనికతో నేర్పడిన చేనేత సహకార సంఘము పేరుగాంచిన ఆ యూర, గుంటమగ్గముమీద కూర్చున్న నేతవాని కుడిచేయి లాగు త్రాడది. 1733లో జాన్ కే కనిపెట్టిన విసురు నాడెకు చెందినది. లాగిన ప్రతిమాఱు నాడె పరుగిడును. పరుగిడనినాడు చిక్కెచ్చట పడినదో కనబడును. కోత మిషను త్రాడు కొన్నిమార్లు బదులు పలుకును, కొన్నిమార్లు పలుకదు. ఎందుకు పలుకలేదో చెప్పదు. కూలివాని కోపమునకు మూలము శ్రమ కాదు, ఈ మౌనమే.

దీనినుండి పుట్టిన దుష్టాచార మొకటి కలదు: విసిగినవాడు మిషనును గాలిలోనికి జార్చుచు, రెండవచేత త్రాడు లాగును. నేలపై నుంచి, వెనుకపిడిలో పాదము మోపి, గొలుసు బ్రేకు వేసి లాగవలెనని పుస్తకము చెప్పును. ఆ పుస్తకము ఆంగ్లమునను బొమ్మలయందును ఉండును. 1972 నుండి స్టీల్ రంపములకు గొలుసు బ్రేకు వచ్చినను, దానిని వేసికొనుట చేయి చేయవలసిన పనియే. ఇప్పుడు బ్యాటరీ రంపములు వచ్చినవి. లాగవలసిన త్రాడే లేదు. కాని కంపచెట్ల నడుమ బ్యాటరీకి కరెంటు ఎచ్చటనుండి వచ్చును? పెట్రోలైనచో సీసాలో వెంట తెచ్చుకొందురు.