నర్సుల చేతుల రక్షణ – సాధనాల రూపకల్పన: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వైద్యచరిత్ర ఎక్కువగా శస్త్రవైద్యుల పేర్లతో, ఔషధాల ఆవిష్కరణలతో నిండి ఉంటుంది. రోగికి నిత్యం సేవ చేసే నర్సు చేతికి అందులో దక్కిన చోటు స్వల్పం. అయినా ఆ చేతికి కలిగిన బాధ నుండే కొన్ని సాధారణ సాధనాలు రూపొందాయి. గాయానికి కారణాన్ని పనిచేసేవారి అజాగ్రత్తలో కాక పనిముట్టు నిర్మాణంలో వెతకడం ఎలా మొదలైందో రబ్బరు చేతితొడుగు, భద్రతా సూదుల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రబ్బరు చేతితొడుగు

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో ప్రారంభమైంది. అక్కడి శస్త్రచికిత్స గదిలో క్రిమినాశకంగా పాదరస క్లోరైడ్ ద్రావణాన్ని వాడేవారు. దానివల్ల ఆ గది బాధ్యత చూసే నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులు చర్మశోథకు గురయ్యాయి. ఆమె ఈ విషయం తెలియజేయగా, శస్త్రవైద్యుడు విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత ప్రయోగాత్మకంగా రెండు జతల పలుచని తొడుగులు చేయించారు. ఇది 1889–90 శీతకాలం నాటి సంగతి. తరువాత, కార్బాలిక్ ఆమ్లంలో ఉంచిన పనిముట్లను అందించే సహాయకునికి కూడా తొడుగులు సమకూర్చారు.

1890లో హాంప్టన్, హాల్‌స్టెడ్ వివాహం చేసుకున్నారు. అందువల్ల ఈ ఘటన తరచు ఒక ప్రేమకథగానే ప్రచారంలో ఉంది. ఒక ఉద్యోగిని వృత్తిజన్య వ్యాధి సాధన రూపకల్పనకు దారితీసిందన్న అంశం ఆ కథనంలో మరుగున పడింది. 1899లో జోసెఫ్ బ్లడ్‌గుడ్ హెర్నియా శస్త్రచికిత్సలను విశ్లేషించి, శస్త్రవైద్యుడు తొడుగులు ధరిస్తే రోగికి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని చూపారు. చేతిని కాపాడడానికి పుట్టిన తొడుగు అప్పటి నుండి ప్రధానంగా రోగిని కాపాడే సాధనంగా గుర్తింపు పొందింది.

సూదిగాయం: నింద నుండి నిర్మాణం వైపు

రోగికి వాడిన సూది నర్సు చేతికి గుచ్చుకోవడాన్ని చాలాకాలం వ్యక్తిగత పొరపాటుగానే భావించారు. సూదిగాయం ద్వారా హెచ్ఐవి సోకిన ఉదంతం 1984లో వైద్యపత్రికలో వెలువడడంతో ఈ సమస్య తీవ్రత పెరిగింది.

1988లో జానీన్ జాగర్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ దృక్పథాన్ని మార్చింది. ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పది నెలల కాలంలో జరిగిన 326 సూదిగాయాలను వారు సాధనాల వారీగా వర్గీకరించారు. వాటిలో 70 శాతం సూదిని వాడిన తరువాత, పారవేయకముందు జరిగినవే. మూడో వంతు గాయాలు సూదికి తిరిగి మూత పెట్టడంతో ముడిపడినవి. మొత్తం సంఖ్యలో సాధారణ సిరంజిల వాటా అధికం. కాని కొనుగోలు చేసిన సంఖ్యతో పోల్చి లెక్కించగా వాటి గాయాల రేటే అన్నిటికంటే తక్కువ. వాడిన తరువాత భాగాలు విడదీయవలసిన సాధనాల వల్ల కలిగే గాయాల రేటు దానికి 5.3 రెట్ల వరకు ఉంది. చేతి వేళ్లను సూదిమొన దగ్గరకు తీసుకువెళ్లేలా సాధనాన్ని నిర్మించడమే లోపమని దీనివల్ల స్పష్టమైంది. వాడగానే లోపలికి ముడుచుకునే సూదులు, మొనను కప్పే తొడుగులు, సూది దిగని గట్టి డబ్బాలు ఈ అవగాహనకు అనుగుణమైన పరిష్కారాలు.

చట్టం – నర్సుల అభిప్రాయం

2000లో అమెరికా చేసిన సూదిగాయాల నివారణ చట్టం, భద్రతా సాధనాల ఎంపికలో రోగులకు నేరుగా సేవ చేసే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని యాజమాన్యాలను ఆదేశించింది. హాంప్టన్ విషయంలో ఒక వైద్యుని శ్రద్ధపై ఆధారపడిన అంశం ఇక్కడ హక్కుగా మారింది. భారతదేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు పదునైన వ్యర్థాలను పొడుచుకుపోని, తెల్లని అర్ధపారదర్శక డబ్బాల్లో వేయాలని నిర్దేశించాయి. అయితే ఇది గాయానికి చివరి దశను అదుపు చేసే ఏర్పాటు. సాధనం ఎంపికలో నర్సు పాత్ర ప్రత్యేకంగా చర్చించవలసిన ప్రశ్న.

ముగింపు

తొడుగు విషయంలో ఒక నర్సు ఫిర్యాదు, సూది విషయంలో సాధనాల వారీ లెక్క రూపకల్పనకు ఆధారమయ్యాయి. గాయాన్ని అజాగ్రత్తగా నమోదు చేసినంతకాలం సాధనంలోని లోపం బయటపడదు. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలోని సూదిగాయాల నమోదులను సాధనాల వారీగా, నర్సుల అనుభవ కథనాలతో కలిపి అధ్యయనం చేయడం చరిత్ర, ప్రజారోగ్య పరిశోధకులు చేపట్టదగిన పని.