స్పోర్ట్స్ కార్లలో టర్బో మలుపు

పెట్రోలు ఇంజిన్‌లోకి గాలి రెండు రకాలుగా చేరుతుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వెలితిని నింపడానికి బయటి గాలి తనంతట తానే వస్తే అది నాచురల్లీ యాస్పిరేటెడ్ ఇంజిన్. ఇంజిన్ వదిలిన పొగతోనే ఒక టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్‌తో గాలిని ఒత్తి లోపలికి పంపితే అది టర్బో ఇంజిన్. సుమారు 2010 నుంచి 2020 వరకు, ఒక్క దశాబ్దంలో, స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ భాగం మొదటి పద్ధతిని వదిలి రెండోదానికి మారాయి. బీఎమ్‌డబ్ల్యూ ఎం కార్లు, పోర్షే 911 కారెరా, ఫెరారీ వీ8లు, మెర్సిడెస్ ఏఎంజీ, హోండా సివిక్ టైప్ ఆర్ అన్నీ అదే దారి పట్టాయి. వేగం కోసమే మారాయని చాలామంది అనుకుంటారు. వేగం పెరిగిన మాట నిజమే. అయితే మార్పును తప్పనిసరి చేసింది కార్బన్ డయాక్సైడ్ లెక్కలు.

ఇంజిన్ శక్తి అంతా గాలి దగ్గరే తేలుతుంది. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు కానీ దాన్ని మండించడానికి తగినంత గాలి ఉండాలి. టర్బో లేని ఇంజిన్‌కు వాతావరణ పీడనం ఇచ్చినంతే దక్కుతుంది. అదే సైజు ఇంజిన్ నుంచి ఇంకా శక్తి కావాలంటే దాన్ని ఇంకా వేగంగా తిప్పడమే మార్గం. 1999లో వచ్చిన హోండా ఎస్2000 ఆ దారిలో చివరంటా వెళ్లింది. దాని 2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగి, జపాన్ మోడల్‌లో 250 హార్స్‌పవర్ ఇచ్చేది. లీటరుకు 125 అన్నమాట. 2,000 ఆర్‌పీఎం దగ్గర మాత్రం అది మామూలు కారే. కూత పెట్టించేదాకా రేజ్ చేస్తే తప్ప దాని అసలు రూపం బయటపడేది కాదు.

టర్బో ఈ లెక్కను తిరగేస్తుంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే మంట రేగినట్టు, ఒత్తిన గాలి అందగానే చిన్న ఇంజిన్ కూడా పెద్ద ఇంజిన్‌లా లాగుతుంది. అదీ తక్కువ ఆర్‌పీఎం దగ్గరే.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి ఈ ఆలోచనకు 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. దాని సత్తా లోకానికి తెలిసింది మాత్రం కొండ మీద. విమానాలు పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్లు నీరసపడేవి. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి చేర్చి పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజిన్ అక్కడ టర్బో లేకుండా 230కి పడిపోయింది. టర్బోతో 356కి చేరింది.

తొలి అడుగులు

కార్లలోకి టర్బో 1962లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ మోన్జా స్పైడర్ అమ్మకానికి వచ్చాయి. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన మిశ్రమం మంట చేరకముందే తనంతట తాను పేలి ఇంజిన్‌ను కొడుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. జెట్‌ఫైర్‌లో దీన్ని ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా ఒక ట్యాంకులో పోయాల్సి వచ్చేది. కొన్నవాళ్లు అది నింపడం మరిచేవారు. ఆ కారు రెండేళ్లకే ఆగిపోయింది.

యూరప్‌లో బీఎమ్‌డబ్ల్యూ 2002 టర్బో 1973లో, సరిగ్గా చమురు సంక్షోభం ముంచుకొచ్చిన వేళకు వచ్చింది. 1,672 కార్లతోనే దాని కథ ముగిసింది. పోర్షే మాత్రం పట్టు విడవలేదు. కెన్‌-యామ్ రేసుల్లో 1,000 హార్స్‌పవర్ దాటిన 917/30తో మార్క్ డోనహ్యూ 1973 టైటిల్ గెలిచాడు. ఆ అనుభవాన్నే పోర్షే రోడ్డు కారుకు తెచ్చింది. 1975లో అమ్మకానికి వచ్చిన 911 టర్బోలో 3 లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. నాకింగ్ భయంతో కంప్రెషన్ నిష్పత్తిని 6.5కి తగ్గించారు. దాంతో ఒత్తిన గాలి (బూస్ట్) అందేదాకా ఇంజిన్ మందకొడిగా ఉండేది. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరిగేది కాదు. తర్వాత శక్తంతా ఒక్కసారి వచ్చి పడేది. బెదిరి కాలు తీస్తే, వెనక ఇంజిన్ బరువుతో కారు తోక తిప్పేది. ఆ టర్బో లాగ్ కారణంగా ఆ కారు ఎంత పేరు తెచ్చుకుందో అంత భయమూ పుట్టించింది.

ఫార్ములా 1లోనూ మొదట ఇదే అవస్థ. 1977 బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో జాన్‌-పియెర్ జబూయ్ నడిపిన రెనో టర్బో కారు తరచూ పొగలు కక్కుతూ ఆగిపోతుంటే దానికి పసుపు టీ కెటిల్ అని పేరు పెట్టారు. రెండేళ్లకు, 1979లో, అదే జబూయ్ డిజాన్‌లో గెలిచాడు. ఆపైన టర్బోల జోరు ఎంతగా పెరిగిందంటే 1989 నుంచి వాటిని నిషేధించారు.

పన్నులు కూడా టర్బోను పెంచాయి, ఇది మనవాళ్లకు బాగా తెలిసిన సంగతే. ఇటలీలో 2 లీటర్లు దాటిన కార్ల మీద పన్ను బాగా ఎక్కువ కాబట్టి ఫెరారీ 1982లో 208 జీటీబీ టర్బోను ప్రత్యేకంగా ఆ దేశం కోసం చేసింది. మన దేశంలో 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే పన్ను తగ్గుతుంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ 1.2 లీటర్ల టర్బోతో రావడానికీ, ఆ తర్వాత హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద చిన్న టర్బో పెట్రోలు కార్లు పెరగడానికీ ఈ నిబంధన ఒక ముఖ్య కారణం.

ఫెరారీ 1987లో ఎఫ్40తో టర్బోను శిఖరానికి చేర్చి, ఆ తర్వాత పక్కన పెట్టేసింది. మళ్లీ 2014లో కాలిఫోర్నియా టీ వచ్చేవరకు ఆ కంపెనీ రోడ్డు కార్లలో టర్బో లేదు. జపాన్‌లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా 1990లలో టర్బోలతోనే పేరు తెచ్చుకున్నా, యాక్సిలరేటర్ తాకగానే పలికే ఇంజిన్ కావాలనుకున్న వాళ్లందరూ నాచురల్లీ యాస్పిరేటెడ్ ఇంజిన్‌నే మేలిమి అనుకునేవారు.

పరీక్ష గదిలో తేలిన తీర్పు

2009లో యూరోపియన్ యూనియన్ ఒక నిబంధన తెచ్చింది. 2015 నాటికి ఒక కంపెనీ అమ్మే కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 130 గ్రాములకు, ఆ తర్వాత 95 గ్రాములకు దిగాలి. మించితే జరిమానా, అదీ అమ్మిన ప్రతి కారుకూ. ఏడాదికి 10,000 లోపు కార్లు అమ్మే చిన్న కంపెనీలకు వేరే లక్ష్యాలు పెట్టుకునే వీలు ఇచ్చారు కానీ దిశ మాత్రం అందరికీ ఒకటే.

ఆ గ్రాములను కొలిచే పరీక్షే అసలు కీలకం. అప్పటి యూరప్ పరీక్ష సుమారు 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు. కొద్ది క్షణాలు 120 కిలోమీటర్ల వేగం తాకడం తప్ప, మిగతాదంతా నింపాదిగా సాగే ప్రయాణం. అలాంటి నడకలో పెద్ద ఇంజిన్ థ్రాటిల్ (గాలి వెళ్లే కవాటం) దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ సన్నని సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజిన్ కొంత శక్తి వృథా చేస్తుంది. చిన్న ఇంజిన్‌లో థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, వృథా తగ్గుతుంది, రాపిడీ తగ్గుతుంది. కాగితం మీద గ్రాములు తగ్గుతాయి. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం చాలా టర్బో ఇంజిన్లు టర్బైన్ మాడిపోకుండా చల్లబరచడానికి అదనంగా పెట్రోలు పోసుకునేవి. స్పోర్ట్స్ కారును కొన్నది గట్టిగా తొక్కడానికే కదా. పరీక్షలో కనిపించిన ఆదా రోడ్డు మీద అదే పాళ్లలో కనిపించకపోవడానికి ఇదొక కారణం. 2017 సెప్టెంబరు నుంచి పరీక్ష పద్ధతినే మార్చారు.

అదే సమయానికి పాత రోగాలకు మందులూ దొరికాయి. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ లోపలి మిశ్రమాన్ని చల్లబరిచి నాకింగ్‌ను తగ్గించింది. 2006లో 911 టర్బోకు పొగ ప్రవాహాన్ని బట్టి కోణం మార్చుకునే రెక్కల టర్బైన్ వచ్చింది. పెట్రోలు కార్లలో అది అప్పటికి అరుదు. వీ ఆకారపు ఇంజిన్‌లో రెండు వరసల నడుమనే టర్బోలను పెట్టి పొగ దారిని కుదించే అమరికను బీఎమ్‌డబ్ల్యూ 2008లో తెచ్చింది. 2014లో ఏఎంజీ జీటీ స్పోర్ట్స్ కారు 4 లీటర్ల వీ8 కూడా అదే అమరికతో వచ్చింది.

2015 సెప్టెంబరు

ఏదైనా ఒక్క కారును ఈ మలుపుకు గుర్తుగా చూపాలంటే అది 2015 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో కనిపించిన 911 కారెరానే. అప్పటిదాకా 911 శ్రేణిలో టర్బో ఒక ప్రత్యేక మోడల్, కారెరా మామూలు మోడల్. ఆ రోజుతో మామూలు కారెరా కూడా రెండు టర్బోల 3 లీటర్ల ఇంజిన్‌కు మారింది. కారెరా ఎస్ శక్తి 400 నుంచి 420 హార్స్‌పవర్‌కు చేరింది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) సంగతి ఇంకా ముఖ్యం. అంతకుముందు 440 న్యూటన్ మీటర్లు 5,600 ఆర్‌పీఎం దగ్గర అందేవి. ఇప్పుడు 500 న్యూటన్ మీటర్లు 1,700 నుంచే సిద్ధం. కంప్రెషన్ నిష్పత్తి 10. నలభై ఏళ్ల కిందటి 6.5 పక్కన ఆ అంకె పెట్టి చూస్తే ఇంజనీర్లు ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది. నర్బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఒక చుట్టులో పాత కారు కంటే 10 సెకన్లు ముందు.

ఈ అంకెల్లో లోపం లేదు. పోయింది వేరే. పాత కారెరాలో డ్రైవర్ సరైన గేరు వెతకాలి, ఇంజిన్‌ను పైకి తీసుకెళ్లాలి, ఆ శ్రమకు ఫలితం 6,000 దాటాక దక్కేది. కొత్తదానిలో ఏ గేరులో ఉన్నా పికప్ సిద్ధంగా ఉంటుంది. హైవే మీద లారీని దాటడానికి ఇది ఎంతో మేలు. ఇంజిన్‌తో కలిసి పనిచేయడమే ఆనందమనుకునేవాడికి ఇది నిజమైన నష్టం, దాన్ని పాతకాలపు మురిపెం అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఫెరారీ ఆ నష్టాన్ని గుర్తించి దానికో ఉపాయం వెతికింది. 458 ఇటాలియాలో 4.5 లీటర్ల వీ8 9,000 ఆర్‌పీఎం దగ్గర 570 హార్స్‌పవర్ ఇచ్చేది. 2015లో దాని స్థానంలో వచ్చిన 488 జీటీబీ 3.9 లీటర్లతోనే 670 ఇచ్చింది. టార్క్ 540 నుంచి 760 న్యూటన్ మీటర్లకు ఎగబాకింది. కానీ ఆ 760ని ఏడో గేరులో తప్ప పూర్తిగా ఇవ్వలేదు. కింది గేర్లలో కంప్యూటర్ టార్క్‌ను అదుపు చేస్తూ, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ శక్తి పెరుగుతున్న అనుభూతి నిలిచేలా చూసింది.

శబ్దానికి అలాంటి ఉపాయం అంత తేలికగా కుదరలేదు. పొగ దారిలో టర్బైన్ అడ్డంగా కూర్చుని శబ్ద తరంగాల బలాన్ని తాగేస్తుంది. బీఎమ్‌డబ్ల్యూ ఎం5లో 8,250 ఆర్‌పీఎం తిరిగే వీ10 పోయి 2011లో టర్బో వీ8 వచ్చినప్పుడు, ఇంజిన్ ధ్వనిని కారు లోపలి స్పీకర్ల ద్వారా వినిపించారు. పోర్షే 2016లో బాక్స్‌టర్, కేమన్‌లకు ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టింది. కార్లు వేగంగానే ఉన్నాయి, కానీ ఆ శబ్దాన్ని అభిమానులు ఒప్పుకోలేదు. 2020లో జీటీఎస్ మోడళ్లలో టర్బో లేని 4 లీటర్ల ఆరు సిలిండర్లు తిరిగి వచ్చాయి. టర్బో వైపు వెళ్లిన కంపెనీ వెనక్కి తిరగడం అరుదు కాబట్టి ఈ నిర్ణయానికి విలువ ఎక్కువ.

మిగిలినవి, కలిసినవి

ఇప్పుడు హద్దు మరోచోటికి జరిగింది. 2024లో వచ్చిన 911 జీటీఎస్ హైబ్రిడ్‌లో టర్బో ఇరుసు మీదే ఒక విద్యుత్ మోటారు ఉంది. పొగ కోసం ఎదురుచూడకుండా అదే కంప్రెసర్‌ను తిప్పుతుంది. లంబోర్గిని హురకాన్ వీ10 బదులు అదే ఏడాది చూపిన టెమెరారియోలో రెండు టర్బోల వీ8 10,000 ఆర్‌పీఎం తిరుగుతుంది. కింది ఆర్‌పీఎంలోని వెలితిని మూడు విద్యుత్ మోటార్లు నింపుతాయి.

టర్బో లేనివీ ఉన్నాయి. ఫెరారీ 12సిలిండ్రి వీ12 9,500 ఆర్‌పీఎం వరకు వెళ్తుంది. షెవర్లే కార్వెట్ జెడ్06లో 5.5 లీటర్ల వీ8 టర్బో లేకుండానే 670 హార్స్‌పవర్ ఇస్తుంది. అయితే నిబంధనల బరువు వీటి మీద ఏడాదికేడాది పెరుగుతోంది. 2024లో సవరించిన పోర్షే 911 జీటీ3 దానికి ఉదాహరణ. పొగను శుభ్రం చేయడానికి దానికి నాలుగు క్యాటలిటిక్ కన్వర్టర్లు, రెండు పార్టికులేట్ ఫిల్టర్లు అమర్చారు. 4 లీటర్ల ఇంజిన్ 510 హార్స్‌పవర్‌ను నిలబెట్టుకుంది, టార్క్ మాత్రం 470 నుంచి 450 న్యూటన్ మీటర్లకు తగ్గింది. ఆ లోటు తెలియకుండా పోర్షే ఫైనల్ డ్రైవ్ నిష్పత్తిని 8 శాతం కుదించి, ఇంజిన్ మరింత త్వరగా 9,000 వైపు పరుగెత్తేలా చేసింది.